పడవ ఎవరి పేరున?

"ఏమే అమ్మాయ్, పడవ కొందామనుకుంటన్నాను. ఒకసారి రా. ఏవో కాగితాలిచ్చారు, చదివి పెడుదువుగాని."

2023 మే నెలలో ఒక రాత్రి పిన్ని ఫోన్ చేసి అన్న మాటలివి. "ఎవరికి పిన్నీ?" అని అడిగాను. అటునుంచి కాసేపు మాట లేదు. "నాకే" అంది. ఆ ప్రశ్న ఎందుకడిగానా అని తర్వాత చాలాసార్లు సిగ్గుపడ్డాను. యాభై నాలుగేళ్ళ ఆడమనిషి పడవ కొంటానంటే అది అల్లుడికో, మరిది కొడుక్కో అయి ఉంటుందని నా నోటికి అంత సులువుగా ఎలా వచ్చింది?

నా పిహెచ్.డి. డెల్టా కథాసాహిత్యంలో స్త్రీల శ్రమ మీద. అందులో ఒక అధ్యాయం నిండా పడవలే. పాలగుమ్మి పద్మరాజు 'పడవ ప్రయాణం' కథలో రంగి గురించి పదిహేను పేజీలు రాశాను. పద్దాలు దొంగసరుకుతో వెళ్ళిపోయాక పడవలో మిగిలిపోయి, తన కథ తానే చెప్పుకునే రంగి. ఆమె ప్రేమ గురించి, తెగువ గురించి, ఆ కథ చెబుతున్న మగ ప్రయాణికుడి చూపు గురించి రాశాను. ఆ పడవ ఎవరిది, దాన్ని నడపడం రంగికి వచ్చా అన్న ప్రశ్న నాకు తట్టనేలేదు. 'మూగమనసులు' సినిమాలోనూ అంతే. గోపి పడవ నడుపుతాడు, అమ్మాయిగారు కూర్చుంటుంది. ఆడవాళ్ళు పడవలో కూర్చోవాలి, పాడాలి, ఏడవాలి, లేదా రేవులో నిలబడి ఎదురుచూడాలి. గెడ మాత్రం మగచేతిలో ఉండాలి. నేను చదివిన సాహిత్యంలో చాలా మటుకు ఇదే అమరిక. నేను దాన్ని విమర్శించాననుకున్నాను గాని, నాకు తెలియకుండానే ఒప్పేసుకున్నాను.

అమ్మా, పిన్నీ పుట్టింది కొల్లేటి లంకలో. అమ్మ పెళ్ళయి ఏలూరు వచ్చి, బుట్టలో చేపలు పెట్టుకుని వీధులు తిరిగి నన్ను చదివించింది. పిన్ని లంకలోనే ఉండిపోయింది. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉంది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్ళు అక్కడ నిలిచి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతాయి. చాలాచోట్ల నిలువెత్తు నీళ్ళు కూడా ఉండవు. అందుకే అక్కడ పడవకి తెడ్డు కన్నా గెడ ముఖ్యం. గెడ అడుగున గుచ్చి, దాని మీద ఒళ్ళంతా వాల్చి తోసుకుంటూ పోవాలి.

ఆ నీళ్ళకి తగిన పడవలు ఆ మనుషులే చేసుకున్నారు. అన్నిటికన్నా చిన్నది తాటిమొద్దు దొలిచి చేసే దోనె. ఒక్క మనిషి అటూ ఇటూ ఊగకుండా కూర్చుంటే చాలు, అదే గొప్ప. రెండు దోనెలు పక్కపక్కన కట్టేస్తే సంగడి. ఇక తిరగబడదు. సంగడి అంటే స్నేహం కూడా. పాత కావ్యాల్లో సంగడీడంటే నేస్తగాడు. ఈ రెండు అర్థాలూ ఒక్క మాటలో ఎలా ఇమిడాయో నిఘంటువులో కంటే కొల్లేటి గట్టు మీద తొందరగా అర్థమవుతుంది. దోనెల తర్వాత చెక్క నావలు, ఈమధ్య ఫైబర్ పడవలు. గడ్డి, పుల్లలు, తాగే నీళ్ళు, పురిటికి పోయే ఆడపిల్ల, బడికి పోయే పిల్లలు, బజారుకి పోయే కొర్రమీను, జెల్లలు అన్నీ వీటి మీదే పోయేవి. ఆడవాళ్ళు ఎక్కని పడవ లేదు. ఆడదాని పేరున ఉన్న పడవ గురించి మాత్రం నేను వినలేదు.

బాబాయికి ఒక నావ ఉండేది. 1976-77లో ప్రభుత్వం కొల్లేట్లో సహకార సంఘాలకి చేపల చెరువులిచ్చాక, సరస్సు గట్లుగా, గళ్ళుగా మారడం మొదలైంది. కాలక్రమంలో చాలా చెరువులు పెట్టుబడి పెట్టగలిగినవాళ్ళ చేతుల్లోకి పోయాయి. 1999లో అయిదో కాంటూరు వరకు అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తించారు. 2005-06 ఆపరేషన్ కొల్లేరులో గట్లు పేల్చేసినప్పుడు బాబాయి వాటా ఉన్న చెరువూ పోయింది. ఆయన మళ్ళీ నావా, వలా పట్టుకున్నాడు. పిన్ని కూడా వెళ్ళేది. ఒకరు గెడ వేస్తే ఒకరు వల చూసుకునేవాళ్ళు. ఆమె గెడ వేసినప్పుడు కూడా "మా ఆయనతో వేటకెళ్ళాను" అనేదే తప్ప, "వేట చేశాను" అనేది కాదు.

2011లో బాబాయి పోయాడు. పదకొండో రోజు దాటాక మరిది వచ్చి, "ఆడమనిషివి, నీకు నావెందుకొదినా" అని తాడు విప్పుకుపోయాడు. అదీ వారసత్వం పంచుకున్న పద్ధతి. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య మొదటి తరగతి వారసురాలని అప్పటికే నాకు తెలుసు. పుస్తకాల్లో చదివాను. పొలం గురించి, ఇంటి గురించి అడగాలని మనం నేర్చుకున్నాం. రేవులో కట్టి ఉన్న నావ గురించి అడగాలని నాకూ తోచలేదు. ఆ తర్వాత పన్నెండేళ్ళు పిన్ని చేపల చెరువుల దగ్గర కూలికి పోయింది, రొయ్యలు వలిచింది, చేతివేళ్ళు ఐసుకి ఒరుసుకుపోయాయి. డ్వాక్రా సంఘంలో దాచింది దాచింది. ఆ డబ్బుతోనే ఇప్పుడు పడవంటోంది.

నేను వెళ్ళేసరికి మరిది కొడుకు కాగితాలు పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. "నువ్వు చదువుకున్నదానివి, నువ్వయినా చెప్పక్కా పెద్దమ్మకి" అన్నాడు. అతని లెక్క సూటిగా ఉంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో రాయితీ సాధారణ వర్గాలకి 40 శాతం. మహిళలకీ, ఎస్సీ, ఎస్టీలకీ 60 శాతం. కొత్త ఫైబర్ పడవ 70 వేలు. పెద్దమ్మ పేరున పెడితే చేతినుంచి పడేది 28 వేలే. ఆ 28 వేలూ తానే పెడతాడు. పడవ తాను నడుపుతాడు. పెద్దమ్మకి నెలకింత ఇస్తాడు. పాత పడవ కొనుక్కుంటే ఏ రాయితీ రాదు.

అతను చెడ్డవాడు కాదు. ఇద్దరు పిల్లలు, అప్పులు. తన లెక్కలో తప్పుందని కూడా అతనికి తెలియదు. పడవ నడిపేది మగవాడు, రాయితీ తెచ్చేది ఆడదాని పేరు. చేపల చెరువుల్లో, కౌళ్ళలో, సంఘాల్లో చూస్తూ వచ్చిన పద్ధతే కదా అది.

కొత్త పడవ చూశాం. అబద్ధమెందుకు, నాకు నచ్చింది. గాజుపీచు పొరల్ని రెసిన్‌తో అతికించి అచ్చులో చేసిన నీలం రంగు పడవ. తేలిక. చెద పట్టదు, కుళ్ళదు. ఏటేటా ఒడ్డుకి లాగి తారు పూసే చాకిరీ లేదు. యాభై దాటిన ఒంటికి ఆ తేలికదనం చిన్న విషయం కాదు. నేను పిన్నితో గట్టిగానే వాదించాను. "అరవై శాతం నీకు రావలసిన హక్కు. ఎందుకు వదులుకోవాలి? నీ పేరున తీసుకో, నీ దగ్గరే పెట్టుకో, నువ్వే నడుపు. అతనికి ఎందుకివ్వాలి?" నాకది చాలా స్త్రీవాద సలహాలా అనిపించింది.

పిన్ని నా మాట పూర్తిగా విని, పడవలోకి దిగి, అడ్డపలక మీద చెయ్యి పెట్టి తడిమింది. "దీనికి తెరచాప కొయ్య నిలబెట్టే చోటేదే?" అంది.

నాకర్థం కాలేదు. తెరచాపలు గోదావరి మీద, పెద్ద కాలవల మీద, ఏలూరు కాలవలో సరుకు పడవల కాలంలో కదా! అప్పుడు చెప్పింది పిన్ని. వాళ్ళమ్మ, అంటే మా అమ్మమ్మ, వేసవి మధ్యాహ్నాలు వేట నుంచి తిరిగొచ్చేటప్పుడు పైరగాలి మొదలయిందంటే గెడ ఎత్తి నిలబెట్టి, దానికి పాత చీర కట్టేసేదట. పొద్దున్నే ఆగ్నేయం వైపు గెడ వేసుకుంటూ పోవడం, మధ్యాహ్నం దాటాక సముద్రం వైపునుంచి వచ్చే గాలిని వెనక పెట్టుకుని ఇంటికి రావడం. "పోయేటప్పుడు కండ, వచ్చేటప్పుడు గాలి. మీ అమ్మమ్మకి అరవయ్యేళ్ళొచ్చేదాకా అట్టాగే నడిపింది" అంది. అమ్మమ్మ పడవ నడిపిందన్న సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. అమ్మ ఎందుకు చెప్పలేదని తర్వాత అడిగితే, "అదొక చెప్పుకునే మాటా?" అంది అమ్మ.

పాత పడవ ఆకివీడు దగ్గర ఉప్పుటేరు గట్టు మీద ఉంది. పదహారడుగుల చెక్క నావ, బోర్లా పడేసి ఉంది. అమ్మేది ఒక పెద్దాయన, కొడుకులు ఊళ్ళో లేరు. "ఒక్క చేతి మీద నడిచిన పడవ చెల్లెమ్మా. నేను తప్ప ఇంకెవరూ చెయ్యి వెయ్యలేదు" అన్నాడు మెచ్చుకోలుగా. నాకు ఒళ్ళు జలదరించింది. ఇదే మాట పెళ్ళిసంబంధాల దగ్గర ఎన్నిసార్లు విన్నాను! కొత్తదీ, పాతదీ, వాడినదీ, చెయ్యి పడనిదీ... ఈ మాటలన్నీ వస్తువుల మీదనుంచి ఆడవాళ్ళ మీదికి వచ్చాయో, ఆడవాళ్ళ మీదనుంచి వస్తువుల మీదికి పోయాయో తెలియదు. పిన్ని ముప్పయ్యేళ్ళ వయసులో విధవరాలయి ఉంటే మారుమనువు సంబంధం చూసేవాళ్ళు ఆమెని కూడా ఇలాగే తిప్పి చూసి, ధర తగ్గించేవాళ్ళు కదా అనుకున్నాను.

పిన్ని మాత్రం ఆ మాట పట్టించుకోలేదు. ఆమె చూస్తున్నది పడవని. కొడవలి మొన తీసుకుని అడుగుపలక పొడవునా అంగుళం అంగుళం గుచ్చింది. గట్టి చెక్క మొనని ఆపుతుంది, కుళ్ళిన చెక్క లోపలికి తీసుకుంటుంది. వేలి కణుపులతో కొట్టి చప్పుడు విన్నది. ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే లోపల పని అయిపోయినట్టు. మేకుల చుట్టూ నల్లగా కారిన తుప్పు మరకలు లెక్కపెట్టింది. మూడు చోట్ల మేకులు మార్చాలి, ఒక పలక చివర కుళ్ళింది, అంత మేర కోసి అతుకు వెయ్యాలి. ముందున్న అడ్డపలకలో గుండ్రటి బెజ్జం, దాని కింద అడుగున కొయ్య మొదలు కూర్చునే గూడు. తెరచాప కొయ్య చోటు. పిన్ని అందులో వేలు పెట్టి తిప్పి నా వంక చూసింది.

ఆ తర్వాత నీళ్ళలోకి దించారు. పావుగంటలో చీలమండల లోతు నీళ్ళొచ్చేశాయి. "చూశావా పిన్నీ, ఇది పడవ కాదు, జల్లెడ" అన్నాను. పెద్దాయన ముఖం మాడిపోయింది. పిన్ని నవ్వింది.

"ఎండలో ఎన్నాళ్ళు పడుందో! ఎండిన చెక్క బిగిసిపోయి సందులిస్తది. రెండ్రోజులు నీళ్ళు తాగనియ్యి, ఉబ్బి అదే మూసుకుంటది. అప్పుడు కూడా ఎక్కడ కారుద్దో అదీ అసలు చిల్లు."

ఆ రెండ్రోజుల్లో మేం తాడేపల్లిగూడెం వెళ్ళాం. పడవ ధర 18 వేలు. అందులో పదివేలు పిన్ని తన కూతురి దగ్గర దాచుకుంది. చెల్లి అక్కడ ఉల్లిపాయల మార్కెట్లో పాయలు ఏరే పనికి పోతుంది. ఒక్క గది ఇల్లు, గదంతా ఉల్లి వాసన. డబ్బు మాట ఎత్తగానే, "ఈ వయసులో నీకు పడవెందుకమ్మా? నా దగ్గరికొచ్చి కూర్చో. నీళ్ళలో ఏదన్నా అయితే నన్నే కదా అంటారు" అని ఏడ్చింది. ఆ ఏడుపులో ప్రేమ ఉంది. తల్లిని ఒంటరిగా వదిలేసిందన్న మాట పడాల్సొస్తుందన్న భయమూ ఉంది. పిన్ని కూతురి తల నిమురుతూ, "కూర్చోడానికే అయితే ఎక్కడైనా కూర్చుంటానే" అంది. తెల్లారాక చెల్లి బియ్యం డబ్బాలోంచి డబ్బు తీసి ఇచ్చింది. ఆ ఉదయం నేను చూసినంత మౌనంగా ఇద్దరు ఆడవాళ్ళు డబ్బు లెక్కపెట్టుకోవడం ఎప్పుడూ చూడలేదు.

తిరిగి ఆకివీడు వచ్చేటప్పుడు బస్సులో అడిగాను, నా సలహాలో తప్పేమిటని. కొత్త పడవ హక్కుగా తీసుకుని తనే ఎందుకు నడపకూడదని. పిన్ని చెప్పింది: "వాడి చేత రాయించుకొచ్చిన కాగితం, వాడి చేత పెట్టించుకున్న డబ్బు. రేపు నా రేవులో కట్టుకుంటానంటే వాడూరుకుంటాడా? పేరు అద్దెకిచ్చేదాన్ని కాదే నేను. ఇంకో మాట. అది పగిలితే రెసినంట, పట్టంట, ఆరబెట్టాలంట, ఎవడో రావాలి. కొత్తది చెడితే నేను ఎవడి దగ్గరికో పోవాలి. ఇది చెడితే నా దగ్గరికే వత్తది. దూది కూరడం, గుగ్గిలం మరగబెట్టి మెత్తడం, తారు పుయ్యడం, అన్నీ మీ బాబాయికి అందించింది నేనే."

అందించింది నేనే. పిన్ని ఆ మాట మీద ఒత్తి పలకలేదు. కానీ నా అధ్యాయంలో లేని వాక్యం అది. స్త్రీల శ్రమని నేను కూలి రేట్లలో, పని గంటల్లో, కథల్లోని పాత్రల్లో వెతికాను. అందించే చేతికి ఆ పనంతా తెలిసి ఉంటుందని, అది తెలిసీ 'సాయం' అన్న పేరు కిందే ఉండిపోయిందని నేను రాయలేదు. కొల్లేటి ఊళ్ళ జీవితం మీద అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు' నవల రాశారు. వసంత కన్నబిరాన్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. సరస్సు ఎలా చచ్చిపోతుందో మనకి తెలియడానికి అలాంటి పుస్తకాలు కావాలి. కానీ పడవ పలకలో చెమ్మ ఎక్కడ చేరిందో వేలితో కొట్టి చెప్పగలిగే అమ్మమ్మలు, పిన్నులు ఏ పుస్తకంలోకి వస్తారు? వాళ్ళు చెప్పుకోరు. "అదొక చెప్పుకునే మాటా?" అంటారు.

కొత్త పడవ మంచిదా, పాతదా అన్నది ఒక ప్రశ్న. దానికి జవాబు ఎవరికి వారిదే. నడుం నొప్పి ఉన్న ఇంకో ఆడమనిషికి ఆ నీలం పడవే సరైనది కావచ్చు. తన పేరు తన చేతిలోనే ఉండేట్టయితే పిన్నికీ కావచ్చు. నేను నేర్చుకున్నది వేరే. హక్కు కాగితం మీదికి వచ్చినంత మాత్రాన చేతికి రాదు. చేతికి వచ్చిన పనికి కాగితం లేకపోతే, పదకొండో రోజు దాటాక ఎవరో వచ్చి తాడు విప్పుకుపోతారు. పిన్ని రెండూ ఒకచోట ఉండాలంది. అందుకు ఆ రోజు ఆమెకి దొరికినది ఆ పాత నావ.

మేం వెళ్ళేసరికి నావ నీళ్ళలో నిండా మునిగి ఉంది. తోడేసి, గంటసేపు చూశాం. ఒక్కచోట, కుళ్ళిన పలక దగ్గరే, సన్నగా చెమరుస్తోంది. మిగతా అంతా మూసుకుపోయింది. పిన్ని బేరమాడి 16,500కి తెచ్చింది.

రసీదు నన్నే రాయమన్నారు. పిన్ని పేరు రాశాను. పెద్దాయన వంగి చూసి, "భార్య ఆఫ్ అని వాళ్ళాయన పేరు రాయమ్మా, లేకపోతే ఎవరో ఏంటో" అన్నాడు. అలవాటుగా నా కలం ఆ మాట వైపు కదిలింది కూడా. "ఆయన కొనట్లేదు కదండీ" అంది పిన్ని. ఊరి పేరు రాశాను. జిల్లా దగ్గర మళ్ళీ ఆగాం. పిన్ని ఆధార్ కార్డు మీద కృష్ణా జిల్లా అని ఉంది. 2022 ఏప్రిల్ నుంచి కైకలూరు ఏలూరు జిల్లాలోకి వచ్చింది. "జిల్లాలు మారతాయి, పేరు రాసేవుగా, చాలు" అని నవ్వింది. సంతకం చెయ్యడానికి చాలాసేపు పట్టింది. వేలిముద్ర వెయ్యమని పెద్దాయన ఇంకుపెట్టె తెచ్చినా ఒప్పుకోలేదు.

మరిది కొడుకు ఆర్నెల్ల పాటు పిన్నితో మాట్లాడలేదు. ఆ కొత్త పడవని తన భార్య పేరున పెట్టి తెచ్చుకున్నాడు. 2024 సంక్రాంతికి నేను వెళ్ళినప్పుడు, అతను చెరువుల కాపలా పనికి పోయి నెలలవుతోందనీ, నీలం పడవ గట్టు మీద బోర్లా ఉందనీ తెలిసింది. ఆ మధ్యాహ్నం కోడలు పిన్ని దగ్గరికి వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడి, ఏదో తప్పు చేస్తున్నదానిలా గొంతు తగ్గించి అడిగింది.

"అత్తా, ఆ పడవ నా పేరునే ఉందంట కదా. గెడ వెయ్యడం నేర్పుతావా?"

పిన్ని తింటున్న కంచం పక్కన పెట్టి లేచింది.